ఎడమ చెయ్యి వెడల్పు

ఎడమ చేతికి డెబ్బై రెండు కుట్లు, కుడి చేతికి నలభై నాలుగు. ఈ లెక్క నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, పుస్తకం చెప్పినా నేను చదువుకోలేను, ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఒకసారి అల్లాను, వేళ్ళు మర్చిపోలేదు. పిండికట్టు మీదుగా స్వెట్టరు దూరాలంటే డెబ్బై రెండు కావాలి. డెబ్బై అయితే మోచేతి దగ్గర పట్టేస్తుంది. గోడ గడియారంలో మూడూ అయిదయింది. నాలుగింటికి క్లైవ్ వస్తాడు. వాడు మా అమ్మాయి మొరాగ్ మొగుడు, దాని చెయ్యి విరిచినవాడు, దాన్ని మళ్ళీ తీసుకుపోవడానికి వస్తున్నాడు, అదీ వెళ్తానంది. పక్క గదిలో ఒంటి చేత్తో పెట్టె సర్దుకుంటోంది, సొరుగు లాగిన చప్పుడు, మోకాలితో నెట్టిన చప్పుడు. నా కాళ్ళ దగ్గర ఎఫీ ఊలు సంచి. ఎఫీ నా భార్య, పోయి రెండేళ్ళయింది, ఏ స్వెట్టరు అల్లినా చివర మిగిలిన ఉండని ఈ సంచిలో పడేసేది. ఆ ఉండల కింద ఇవాళ నా పొడుపు కత్తి ఉంది, కబేళాలో గొర్రెల్ని పొడిచేది. పొద్దున్నించి సానపెట్టాను. క్లైవ్ పెట్టె మొయ్యడానికి లోపలికి వస్తాడు, వచ్చి బల్ల దగ్గర ఆ కుర్చీలోనే కూర్చుంటాడు, నాకు వీపు పెట్టి, వాడెప్పుడూ అక్కడే కూర్చుంటాడు. అప్పుడు చంపుతాను. ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు.

ఆకుపచ్చ అయిపోవచ్చింది. ఇది మొరాగ్ బడి స్వెట్టరుకి తెచ్చిన ఊలు, దీని ముందు అల్లింది ఎరుపు, ఎరుపు ఎవరి కోసం కొన్నదో నాకు తెలియదు, దీని తర్వాత నా పనిమేజోళ్ళ బూడిదరంగు, దాని తర్వాత నీలం. మిగిలిన ఊలుతో అల్లితే చారలే వస్తాయి, వేరే దారి లేదు, ఏ రంగూ చివరిదాకా చాలదు. రెండు చేతుల చారలూ ఒకలా రావాలని ఒక్కో ఉండనీ వంటింటి త్రాసులో తూచి సగం సగం చేశాను. కుడి చెయ్యి చక్కగా వచ్చింది. ఎడమ చెయ్యి మొదలుపెట్టాక తెలిసింది, వెడల్పు చెయ్యి ఎక్కువ తింటుంది కదా, అదే బరువుకి చార బక్కచిక్కి వస్తుంది, అక్కడ నాలుగు వేళ్ళ ఎరుపు ఉంటే ఇక్కడ రెండు వేళ్ళే. ఎఫీ ఆనాడే చెప్పింది నాకు, "సగాలు కాదు మొద్దూ, మూడు భాగాలు చెయ్యి. ఒకటి కుడికి, రెండు ఎడమకి." చెప్పిన గొంతు చెవిలో ఉంది, లెక్క మాత్రం జారిపోయింది. ఆకుపచ్చ కొసనీ బూడిదరంగు కొసనీ విప్పి, నోట్లో పెట్టుకుని తడిపి, అరచేతుల మధ్య పెట్టి రుద్దాను, గట్టిగా, వేడి పుట్టేదాకా. అసలైన ఊలు అయితే అతుక్కుపోతుంది, ముడి అక్కర్లేదు. తడిస్తే గొర్రె వాసన. ఎన్నేళ్ళయినా పోదు, రంగు వేసినా పోదు, నా చేతులకీ పోలేదు.

ముప్పై నాలుగు సీజన్లు కబేళాలో గొలుసు మీద పనిచేశాను. గొర్రెలు తలకిందులుగా వేలాడుతూ గొలుసుతో పాటు కదిలి వస్తాయి, మనిషి కదలడు, గొర్రె కదులుతుంది, మొదటివాడు పొడుస్తాడు, రెండోవాడు ముందుకాళ్ళు విరుస్తాడు, మూడోవాడు తోలు పట్టుకుంటాడు, అట్లా చివరిదాకా. నేను మొదట్లో రెండోవాణ్ణి, తర్వాతెప్పుడో మొదటివాణ్ణయ్యాను. గొర్రెపిల్ల ముందుకాలికి కీలు పైన ఒకచోట మెత్తదనం ఉంటుంది, ఒక చిన్న గాటు పెట్టి, బొటనవేలు కింద ఆనించి, మణికట్టు తిప్పితే టక్కుమంటుంది. ముసలి గొర్రె అయితే విరగదు. దాన్నిబట్టే ఏది పిల్లో ఏది ముసలిదో చెప్పేవాళ్ళు. రోజుకి ఎన్ని వందల టక్కులో. సాయంత్రం సైరన్ కూశాక చెయ్యి కడుక్కున్నా, బార్లో గ్లాసు పట్టుకున్నా, లోపల అది తిరుగుతూనే ఉండేది, ఆపేసిన మిషను కాసేపు ఒణికినట్టు. నా పక్కన పొడుపువాడు నవ్వేవాడు, "హెక్టర్, ఇంటికెళ్ళాక ఆ చెయ్యి జేబులో పెట్టుకోరా నాయనా, లేకపోతే పెళ్ళానికి కాళ్ళు మిగలవు." అందరం నవ్వాం. నేనూ నవ్వాను. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది. రేడియోలో రగ్బీ అరుపులు. బయట ఎముకలు కొరికే దక్షిణపు గాలి, కిటికీ మీద వడగళ్ళు, ఎవరో గుప్పెళ్ళతో గులకరాళ్ళు విసురుతున్నట్టు. బొగ్గు పొయ్యిలో ఇంకో పార బొగ్గు వెయ్యాలి, లేవాలని లేదు, లేస్తే సంచి దూరమవుతుంది.

నాకు చంపడం నేర్పింది మా నాన్న. కుందేళ్ళు పట్టేవాడు, కొండల్లో, ఈ సీజను ఒక గొర్రెల దొడ్డి దగ్గర గుడారం, వచ్చే సీజను ఇంకోచోట, అందుకే బడి మూడేళ్ళకి మించి లేదు, అదీ మూడు బళ్ళలో. ఏడేళ్ళప్పుడు నా చేతిలో మొదటి కుందేలు పెట్టాడు, ప్రాణంతో, కాలు బోనులో నలిగి వేలాడుతోంది. "వెనక్కాళ్ళు పట్టుకో. తల పట్టుకో. లాగి, వెనక్కి." నేను ఏడ్చాను. బోనుకి ఒక గొలుసు ఉంటుంది, మేకుకి కట్టేది, మూరెడు ఇనుప గొలుసు. దాంతో వీపు మీద ఒకటి. "అది ఏడవట్లేదు, నువ్వెందుకురా ఏడుస్తావు?" అన్నాడు. నిజంగానే ఏడవట్లేదు. చూస్తోంది. లాగి, వెనక్కి. టక్. అప్పుడు వీపు మీద మంట ఉన్నట్టుండి తగ్గిపోయింది, ఇది నేనెవరికీ చెప్పలేదు, నొప్పి నా వీపులోంచి చేతిలోకి దిగి, చేతిలోంచి కుందేల్లోకి పోయింది, ప్రాణానికి హాయిగా ఉంది. ఇంకోటి ఇమ్మన్నాను. మా నాన్న మొదటిసారి నన్ను చూసి నవ్వాడు.

డెబ్బై రెండు. తిప్పు. సూటి వరస అయింది, తిరుగు వరస. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి ఆ శనివారం కూడా రేడియోలో ఏదో మోగుతోంది, రగ్బీ కాదు, ఫిబ్రవరిలో రగ్బీ ఉండదు, పాటలేవో. ఎఫీ చెల్లెలు జీనీ వచ్చింది. బల్ల మీద టీ, చీజు పెట్టి చుట్టి కాల్చిన రొట్టెలు. యూనియన్ నించి ఒక కాయితం వచ్చింది, నేను విప్పి చదువుతున్నాను, నేను చదవడమంటే పెదాలు కదులుతాయి, వేలు కింద నడుస్తుంది. ఒక పొడుగు మాట దగ్గర ఆగిపోయాను. ముక్కలు చేసి పలికాను, తప్పు పలికాను. జీనీ ఎఫీ వైపు చూసింది, ఎఫీ కప్పు అడ్డం పెట్టుకుంది, అయినా టీ పొంగి ముక్కులోంచి వచ్చేంత నవ్వు వచ్చింది దానికి. చెడ్డ నవ్వు కాదు. ఇప్పుడు తలుచుకుంటే ముద్దొచ్చే నవ్వు. జీనీ బస్సుకి వెళ్ళిపోయింది. ఎఫీ గిన్నెలు కడుగుతోంది, రెండేళ్ళ మొరాగ్ బల్ల కింద చెంచాతో ఆడుకుంటోంది. నేను వెళ్ళి ఎఫీ ఎడమ చెయ్యి పట్టుకున్నాను. ఏమన్నా అన్నానా? ఏమీ అనలేదు, నేను మాటల మనిషిని కాను. బొటనవేలు కింద ఆనింది. మణికట్టు తనంతట తను తిరిగింది. సబ్బునీళ్ళ చెయ్యి జారుతుంటే ఇంకా గట్టిగా పట్టుకున్నాను. టక్. ఆ చప్పుడు విని నేను ఏమనుకున్నానో తెలుసా, పిల్లదే, అనుకున్నాను. ముసలిది కాదు, పిల్లదే. అదీ నాకు తోచిన మాట.

డాక్టరు ముందు నేను నోరు తెరిచేలోపే ఎఫీ చెప్పేసింది. "బట్టలుతికే గది మెట్టు మీద జారానండి. మంచు." డాక్టరు కిటికీలోంచి ఎండని చూశాడు, లోకానికి అడుగున ఉన్న మా దేశంలో ఫిబ్రవరి అంటే నడివేసవి, వాకిట్లో గడ్డి మాడిపోయి ఉంది, ఆయన అలాగే రాసుకున్నాడు. ఈ ఊళ్ళో ఆడవాళ్ళ ఎముకలన్నీ మంచు మీదే విరుగుతాయి. బార్లో హాస్యమాడుకుంటారు, "పాపం ఆవిడ మంచు మీద జారిందటరా," అని క్రిస్మస్ నాడు కూడా, ఎండ మండుతుంటే, అందరూ నవ్వి గ్లాసు ఎత్తుతారు. మూడు వారాల కిందట మొరాగ్ బస్సు దిగి వచ్చింది, పిండికట్టుతో, కోటు ఒక భుజం మీదే వేలాడుతోంది, చలికి పెదాలు నీలం. "జారాను నాన్నా. మెట్టు మీద మంచు." ఇది జులై, మాకు నడిచలికాలం, మంచు నిజంగానే ఉంది. కానీ పిండికట్టు పై అంచున చర్మం మీద నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి. కింది వైపు బొటనవేలుది. చూశాను, టీ పెట్టి ఇచ్చాను. రెండోవారం గిన్నెలు తుడుస్తూ తనే చెప్పింది, ఎట్లా పట్టుకున్నాడో, ఎట్లా తిప్పాడో. పొడి గుడ్డ నా చేతిలో ఉంది. అది చెబుతుంటే నా మణికట్టు ఆ గుడ్డని తిప్పుతోంది.

ఎఫీ చెయ్యి విరిగిన మర్నాడు ఆమె సూదుల మీద ఒక స్వెట్టరు సగంలో ఉంది, నీలం రంగు. అది చూసి ఏడ్చాను. నేల మీద కూర్చుని ఆమె మోకాళ్ళు పట్టుకుని ఏడ్చాను. ఇక ఎప్పుడూ చెయ్యను అన్నాను. ఆమె ఆ సగం స్వెట్టరు నా వైపు తోసి, "అయితే సూదులు పట్టుకో," అంది. అట్లా నేర్చుకున్నాను. ఆరు వారాలు ప్రతి సాయంత్రం, కబేళా నించి వచ్చి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, ఆమె కాళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుని. "వదులుగా పట్టుకో, అది గొర్రె కాదు." "పారిపోదులే హెక్టర్, ఊలుకి కాళ్ళుండవు." చలికాలానికి కట్టు ఇంకా ఉంటుందేమోనని ఎడమ చెయ్యి వెడల్పు చెయ్యమంది, తన కట్టు చుట్టూ తాడు పెట్టి కొలిచి, డెబ్బై రెండు అంది. ఆ ఆరు వారాలు మా పెళ్ళిలో మంచి రోజులని నేననుకునేవాణ్ణి. ఆమె ఏమనుకుందో అడగలేదు. కట్టు తీశాక ఆ వెడల్పు చేతిని విప్పేసి సన్నగా మళ్ళీ అల్లుకుంది, తగ్గించగా ఇంత ఊలు మిగిలింది, అదిగో, సంచిలో ఆ నీలం ఉండ అదే, మెలికలు మెలికలుగా, ఒకసారి అల్లి విప్పిన ఊలు ఎన్నేళ్ళయినా తిన్నగా అవదు. ఇప్పుడు బూడిదరంగు అవగానే దాన్ని అందుకున్నాను. మళ్ళీ వెడల్పు చేతిలోకే పోతోంది. కొస నోట్లో పెట్టుకున్నాను. ఉప్పగా ఉందనిపించింది, ఉండదు, ఊలు ఉప్పగా ఎందుకుంటుంది.

కట్టు తీసిన నెలకి మళ్ళీ కొట్టాను. ఇది కూడా లెక్కలో వెయ్యాలి. చెంప మీద, వెనక చేత్తో, ఎందుకో కూడా గుర్తులేదు. స్వెట్టరు అల్లిన చెయ్యే అది. క్లైవ్ ఆల్చిప్పలు తెస్తాడు. కొట్టిన ప్రతిసారీ బ్లఫ్ రేవుకి పోయి, సీజన్లో అయితే తాజావి, తడి గోనెసంచిలో, మూడేసి డజన్లు, మొరాగ్‌కి ఇష్టమని. తనే ఒలిచి, నిమ్మకాయ పిండి, నోటికి అందిస్తాడట. కన్నీళ్ళు కూడా పెట్టుకుంటాడట. దొంగ కన్నీళ్ళు కాదు నాన్నా అంటుంది. నాకు తెలుసు కావని. నావీ కావు.

ఆ చెంపదెబ్బ తర్వాతి ఆదివారం సంగతి. మధ్యాహ్నం వేయించిన మటన్ తిని, ఇదే కుర్చీలో, ఇదే పొయ్యి దగ్గర కునుకు తీశాను. చెవిలో చల్లగా తగిలి మెలకువ వచ్చింది. ఎఫీ నా పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది, చెంప మీద నా వేళ్ళ నలుపు ఇప్పుడిప్పుడే పసుపుగా మారుతోంది, ఎడమ చెయ్యి ఒళ్ళో, కట్టులోంచి వచ్చిన చెయ్యి, ఈకలు పీకిన పక్షి మెడలా తెల్లగా సన్నగా. కుడిచేతిలో ఉక్కు సూది. సూది మొన నా చెవి లోపల. ఎంత లోపలంటే నా గుండె చప్పుడు ఆ ఉక్కు మీద కొట్టుకోవడం వినపడింది. "కదలకు," అంది. గొంతులో కోపం లేదు. నెత్తురు ఒకచుక్క మెడ మీదికి జారింది. "నువ్వు బలమైనవాడివి హెక్టర్. నేను కాను. కానీ నువ్వు కూడా నిద్రపోతావు కదా." అంతే. సూది తీసి, ఏప్రనుకి తుడిచి, పొయ్యిలోంచి పుడ్డింగు తీసి బల్ల మీద పెట్టింది. తిన్నాను. బాగుంది. ఆ తర్వాత ఆమె బతికున్నంతకాలం నేను పగలు కునుకు తియ్యలేదు, చెయ్యెత్తలేదు, ఊళ్ళో నాకు మెత్తనివాడని పేరు వచ్చింది, నోట్లో నాలుక లేని మనిషి అన్నారు, మా మొరాగ్ కూడా అదే నమ్మి పెరిగింది. ఆమె పోయిన రోజు నేను ఏడ్చాను, ఆ రోజే మధ్యాహ్నం ఈ కుర్చీలో రెండు గంటలు నిద్రపోయాను.

మూడూ నలభై. పది వరసలు మిగిలాయి. పొద్దున కత్తి సానపెడుతుంటే, ఒక వైపు, రెండో వైపు, ఒక వైపు, రెండో వైపు, ఉక్కు కడ్డీ మీద ఆ పాట వింటుంటే, ఎన్నాళ్ళకో ఆకలి వేసింది. రెండు గుడ్లు వేయించుకుని తిన్నాను. ఈల వేశాను. పొడుపు ఎక్కడ పడాలో వేళ్ళకి తెలుసు, దవడ ఎముక వెనక, చెవి కింద, లోపలికి పోయాక బయటికి ఒక తోపు, గొర్రెకైతే ఏడు సెకన్లు, మనిషి మెడ ఇంకా సన్నం. జైల్లో పెడతారు. పెట్టనీ, డెబ్బై ఏళ్ళవాడికి ఇక్కడైనా అక్కడైనా పొయ్యి, గంజి, మంచం. కూతురు బతుకుతుంది. అదీ నేను నాకు చెప్పుకుంటున్న మాట, కూతురు బతుకుతుంది, చెప్పుకుంటున్నకొద్దీ చెయ్యి వెచ్చబడుతోంది, హాయిగా, ఆ మొదటి కుందేలు నాటి హాయి. ఇరవై ఆరు, ఇరవై ఏడు. ఒక కుట్టు జారింది. వెనక్కి వెళ్ళి అందుకున్నాను.

"అయిపోయిందా నాన్నా?" మొరాగ్ గుమ్మంలో నిలబడింది, ముప్పై మూడేళ్ళది, ఎఫీ నుదురు, నా గడ్డం. పెట్టె కాలితో ముందుకి తోసింది.

"ఇంకా పక్కలు కుట్టాలి."

"అట్లాగే ఇచ్చెయ్. నేను కుట్టుకుంటాలే."

"ఒంటి చేత్తోనా?"

"క్లైవ్ సూదిలో ఊలు ఎక్కించి ఇస్తాడు." అని నా మొహం చూసి, వచ్చి ఆ కుర్చీలో, వాడి కుర్చీలో, నా వైపు తిరిగి కూర్చుంది. "అట్లా చూడకు నాన్నా. నీకు తెలీదు. నువ్వు చెయ్యెత్తి ఎరగని మనిషివి, అందుకని నీకు క్లైవ్ రాక్షసుడిలా కనపడతాడు. తనకి తప్పు తెలుసు. ఈసారి నిజంగా మారతాడు."

వరస చివరిదాకా అల్లాను. తిప్పాను. కత్తి కంటే ఆ మాట పైకి లాగడం కష్టమైంది. "మీ అమ్మ చెయ్యి నేనే విరిచాను," అన్నాను.

రేడియోలో ఎవడో గోలు కొట్టాడు, జనం అరుస్తున్నారు. అది లేచి రేడియో కట్టేసింది. "అమ్మ మంచు మీద జారింది. నువ్వే చెప్పావు."

"ఫిబ్రవరిలో."

నా ఒళ్ళో ఉన్న చేతిని చూసింది, ఊలు చేతిని, చారల్ని, వెడల్పుని. "కొలవకుండానే అల్లుతుంటే అనుకున్నాను," అంది చిన్నగా. "ఒక్కసారి కూడా నా కట్టు కొలవలేదు నువ్వు."

అది తిడుతుందనుకున్నాను, ఎదురుచూశాను. తిట్టలేదు. దాని మొహంలో ఏదో వెలుగు వచ్చింది. ముందుకి వంగి నా మోకాలు పట్టుకుంది. "అయితే నువ్వు మానేశావుగా! నాకు బుద్ధి తెలిశాక ఒక్కసారి కూడా చూడలేదు. చూశావా మరి, మనిషి మారతాడు. నువ్వు మారావు. నువ్వే మారినప్పుడు క్లైవ్..."

ఇందుకా నేను నోరు తెరిచింది. ముప్పై ఒక్క ఏళ్ళు మూసిన నోరు తెరిచి వాడికి సాక్ష్యం చెప్పానా. "నేను మారలేదు," అన్నాను.

"మానేశావు కదా నాన్నా!"

"మాన్పించింది. చెవిలో సూది పెట్టి." చెప్పాను, కునుకు, ఉక్కు, నెత్తురు, పుడ్డింగు, స్వెట్టరు అల్లాక కూడా కొట్టిన సంగతి, ఏడుపు నిజమైనదే అన్న సంగతి, ఒక ఏడాదిలో మాట్లాడేదానికన్నా ఎక్కువ మాట్లాడాను. "నువ్వు విన్న నిశ్శబ్దం అదే. ప్రేమ కాదు. నేను భయపడ్డాను."

"ఎన్నాళ్ళు?"

"ఆమె పోయేదాకా."

"పోయాక?"

"పోయాక కొట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు."

నా మోకాలి మీద చెయ్యి తీసేసింది. మెల్లిగా తీసింది, వేడి గిన్నె మీదనించి తీసినట్టు. అప్పుడే వీధిలో హారన్ మోగింది, రెండుసార్లు, తర్వాత బూట్ల చప్పుడు, తలుపు తోసుకుని గాలీ వడగళ్ళూ క్లైవూ ఒకేసారి లోపలికి వచ్చారు. చేతిలో తడి గోనెసంచి. మొరాగ్ లేచి నిలబడింది, వాడు దాని బుగ్గ మీద ముద్దు పెట్టి ఆ కుర్చీలోనే కూలబడ్డాడు, నాకు వీపు పెట్టి. "ఏం ముసలాయనా, ఇంకా ఊపిరి ఆడుతోందా? మూడు డజన్లు తెచ్చాను, నీకూ ఆరు ఇస్తాలే, పళ్ళు అక్కర్లేదుగా వీటికి." నా ఒళ్ళోకి తిరిగి చూశాడు. "అదేంటది, ఏనుగు తొండానికా?" పెద్దగా నవ్వాడు. మెడ ఎర్రగా, చలికి, చెవి కింద నరం కొట్టుకుంటోంది. సూదుల్ని ఒళ్ళో పెట్టాను.

"క్లైవ్, నేను ఇవాళ రావట్లేదు," అంది మొరాగ్.

"ఏంటి?"

"ఇవాళ కాదు. ఎప్పుడని నన్నడక్కు."

"సరదాలాడకు, ఇంజను ఆపకుండా వచ్చాను. పద, దారిలో మాట్లాడుకుందాం." అది కదల్లేదు. వాడు నా వైపు తిరిగాడు. "ఏం నూరిపోశావురా ముసలోడా దీనికి? ఏడాదికి ఒక మాట మాట్లాడతావు, ఆ ఒక్కటీ నా కొంప ముంచడానికేనా?" లేచాడు. పిండికట్టు మోచేతి దగ్గర పట్టుకున్నాడు. "నడువు మొరాగ్. బతిమాలుతున్నాను చూడు. నడువు." బొటనవేలు కిందికి పోయింది. ఆ పట్టు నాకు తెలుసు. నా చెయ్యి సంచిలోకి పోయింది, మెత్తటి ఉండల మధ్యనించి, కర్ర పిడి దొరికింది, చెయ్యి సంతోషించింది, అంతకన్నా ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. మొరాగ్ వాడి భుజం మీదుగా నన్ను చూసింది. నా మొహం చూసింది, తర్వాత సంచిలోకి పోయిన నా చెయ్యి చూసింది. ఏం చూసిందో, ఒక్క గుంజు గుంజి చెయ్యి విడిపించుకుని, అదే చెయ్యి, పిండికట్టు చెయ్యి, ఒళ్ళంతా తిప్పి వాడి నోటి మీద కొట్టింది.

కట్టు పగిలిన చప్పుడూ పళ్ళు విరిగిన చప్పుడూ కలిసిపోయాయి. అది కేక పెట్టింది, వాడు పెట్టలేదు. వాడు ఆల్చిప్పల సంచి మీద పడి నేల మీద కూర్చుండిపోయాడు, గడ్డం మీదనించి నెత్తురు ఎర్ర ఊలు జారినట్టు జారుతోంది, చేతిలో ఉమ్మి చూసుకున్నాడు, ఒక పన్ను. లేవబోయాడు. అది పగిలిన చేతిని మళ్ళీ పైకెత్తింది, నొప్పికి దాని కళ్ళు తిరుగుతున్నాయి, అయినా ఎత్తింది, తెల్లటి పొడి దాని జుట్టు మీద రాలుతోంది. "రా," అంది. "ఇంకోటి తిను." వాడు నా వైపు చూశాడు, మగాడు మగాడి వైపు చూసినట్టు. "నీ కూతురికి పిచ్చెక్కింది," అన్నాడు, మాట సరిగ్గా రాలేదు. గోడ పట్టుకుని లేచి, తలుపు తెరిచే వదిలేసి వెళ్ళిపోయాడు. బండి గేటు స్తంభానికి రాసుకుంటూ పోయిన చప్పుడు వినపడింది.

మొరాగ్ వచ్చి నా కాళ్ళ దగ్గర వంగి, కుడిచేత్తో సంచిలోంచి నా చెయ్యి బయటికి తీసింది, చెయ్యితో పాటు కత్తీ వచ్చింది, పిడికి నీలం ఊలు చుట్టుకుని. వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి కత్తి తీసుకుంది. "వాడికా?"

"వాడికే."

"నా కోసమా నాన్నా?"

అవునంటే అయిపోయేది. పొద్దున్నించి నాకు నేను చెప్పుకున్నది అదే. అంటే నన్ను పట్టుకుని ఏడ్చేది, ఆ ఏడుపు నాకు కావాలి, రెండేళ్ళుగా నన్ను ముట్టుకున్నవాళ్ళు లేరు. "కాదు," అన్నాను. "నా కోసం. పొద్దున్నించి నాకు బాగుంది."

తల ఊపింది. కత్తిని గుడ్డలో చుట్టి తన పెట్టెలో, బట్టల కింద పెట్టుకుని మూత వేసింది. "కారు తియ్యి. ఆసుపత్రికి పోవాలి, ఎముక మళ్ళీ కదిలింది." మొహం సున్నంలా ఉంది, గొంతు మాత్రం నిలకడగా ఉంది. కోటు భుజాల మీద కప్పబోయాను, తనే లాక్కుని కప్పుకుంది. డాక్టరుకి ఏం చెబుతావని అడిగాను. "విరిచినవాళ్ళ పేర్లు చెప్తాను," అంది. పేర్లు అంది, పేరు అనలేదు. రెండో పేరు ఎవరిదో నాకు తెలుసు.

వడగళ్ళు ఆగి సన్నటి వాన పడుతోంది. కారు దగ్గరికి ముందు నడిచి, నా పక్క సీటు తలుపు తెరిచి పట్టుకున్నాను. అది నన్ను దాటి, వెనక తలుపు తనే తీసుకుని ఎక్కింది. నా వెనక కూర్చోలేదు, అవతలి మూలకి జరిగి కూర్చుంది, స్టీరింగు మీద నా రెండు చేతులూ తనకి కనపడే చోట.